ఇయ్యాలన్నా తల దొరికిందా?

సూర్యాపేట ఫొటోగ్రాఫర్ నగేష్‌కు ఒకటే పిచ్చి. రోజుకొక ఫొటో తీస్తాడు. ఆ ఒక్క ఫొటోలో మాత్రం ఎవ్వరికీ తల ఉండదు.

తీయడం రాక అనుకునేరు. పెళ్ళి ఫొటోల విషయంలో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూళ్ళూ వెతికినా అతని పక్కన నిలబడగలిగినవాడు లేడు. నూటరెండు జ్వరంతో పీటల మీద కూర్చున్న పెళ్ళికూతురు అతని ఆల్బంలో సిగ్గుతో ఎర్రబడినట్టు కనిపిస్తుంది. ఎదురుకోళ్ళ దగ్గర మర్యాద చాలలేదని అలిగిన పెళ్ళికొడుకు మేనమామ, లోకం బాగుకోసం ఆలోచిస్తున్న పెద్దమనిషిలా కనిపిస్తాడు. "పంతులుగారూ, రెండో ముడి మంచిగ పడలె, జర మల్ల ఏపియ్యుండ్రి" అని మంత్రాన్ని మధ్యలో ఆపి, ఆ పంతులుగారి చేతే "సరే నాయనా" అనిపించుకున్న ఘనుడు. పాస్‌పోర్టు ఫొటోకు వచ్చినవాళ్ళనైతే చెవులు రెండూ సమానంగా కనిపించేదాకా వదలడు. తనకు పుట్టుకతోనే ఒక చెవి చిన్నదని ఒకాయన ఎంత మొత్తుకున్నా వినలేదు.

అంత చెయ్యి తిరిగినవాడు రోజూ ఒక గంటసేపు ఎవరో ఒకరిని పట్టుకుని నిలబెట్టి ఒక్కటంటే ఒక్క ఫొటో తీస్తాడు. అది చూస్తే కెమెరా కోతి చేతికి దొరికిందేమో అనిపిస్తుంది. తల ఉండదు. ఎప్పుడైనా పొరపాటున తల ఉంటే కాళ్ళుండవు. రెండూ ఉంటే మనిషి నిలువునా సగమే ఉంటాడు, మిగతా సగం గోడ. దానికింద నంబరు వేసి, సరిగ్గా నాలుగు గంటలకు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టేస్తాడు.

"గిదేంది బావా?" అని మొదట్లోనే అడిగింది యశోద. నగేష్ ఆమెకు మొగుడే కాదు, మేనమామ కొడుకు కూడా. యశోదా డిజిటల్ స్టూడియోకు పేరు ఆమెది, ఆల్బంలు తయారుచేసే చెయ్యి ఆమెది. పిచ్చి ఒక్కటే అతనిది.

"చాలెంజ్. మూడు వందల అరవై అయిదు దినాలు, దినానికొక ఫొటో. దునియల ఉన్న ఫొటోగ్రాఫర్లందరు చేస్తున్నరు."

"వాళ్ళు సుత తలకాయలు తీసేస్తున్నరా?"

"అది నా స్టైల్."

ఏడాది గడిస్తే పీడ వదులుతుందని యశోద ఓపిక పట్టింది. మూడు వందల అరవై ఐదో రోజున మిఠాయి కూడా తెప్పించింది. నగేష్ ఆ మిఠాయి మొత్తం తిని, చేతులు కడుక్కుని, మర్నాడు మూడు వందల అరవై ఆరోది తీశాడు. అందులో మిఠాయి దుకాణం ఆయన పొట్ట ఉంది.

పోనుపోను అతనికి తారీఖులు పోయి నంబర్లే మిగిలాయి. "మన పెండ్లి రోజు ఎప్పుడో యాదికున్నదా?" అని యశోద అడిగితే, "ఎందుకు లేదు? నాలుగు వందల పన్నెండు" అంటాడు. "నీళ్ళ మోటరు ఎప్పుడు ఖరాబైంది?" అంటే, "అయిదు వందల మూడు. గా దినం బర్రె తోక తీసిన" అంటాడు. చివరికి పెన్‌డ్రైవుల మీద పెళ్ళివాళ్ళ పేర్లు రాయడం కూడా మానేసి నంబర్లు రాయడం మొదలుపెట్టాడు. ఈ అలవాటు ఎప్పుడో కొంప ముంచుతుందని యశోద చెప్తూనే వచ్చింది.

మూడూళ్ళలోనూ నగేష్‌ను ఎవరూ తిన్నవా, మంచిగున్నవా అని అడగడం లేదు. దూరం నుంచే చెయ్యెత్తి, "ఇయ్యాలన్నా తల దొరికిందా అన్నా?" అంటారు. అతను కూడా అంతే గంభీరంగా, "దేవులాడుతున్న తమ్మీ" అని బండి పోనిస్తాడు.

మిర్యాలగూడలో ఒకరోజు రైసుమిల్లు ముందు రోడ్డు మీద బోర్లా పడుకుని, లారీ డ్రైవరు దుర్గయ్యను గంటసేపు నిలబెట్టాడు. మీసం దువ్వుకోమన్నాడు, దువ్వుకున్నాడు. గడ్డం జర మీదికి అన్నాడు, ఎత్తాడు. వెనక ఇరవై లారీలు హారన్లు మోగిస్తున్నాయి. తీరా నాలుగింటికి చూస్తే, ఒక టైరు, దాని పక్కన ఒక మోచెయ్యి.

దుర్గయ్య ఫోన్ చేశాడు. "మీసం కనబడకపోతే ఎందుకు దువ్విచ్చినవే అన్నా?"

"మీసం దువ్వుకుంటే మోచెయ్యికి ఒక షాన్ వస్తది తమ్మీ. సూడు, మంచిగ సూడు."

దుర్గయ్య మంచిగా చూశాడు. నిజమేననిపించి ఆ ఫొటోనే డీపీ పెట్టుకున్నాడు.

దామరచర్లలో ఒక మేస్త్రీని కరెంటు ప్లాంటు చిమ్నీ ముందు నిలబెట్టి తీశాడు. ఆమడ దూరం నుంచి కనిపించే ఆ చిమ్నీ ఫొటోలో లేదు. మేస్త్రీ లేడు. ఒక మేక ఉంది, దానికీ తల లేదు. కోదాడ బస్టాండు దగ్గర టీ కొట్టు సరోజనైతే, ఫొటో తీస్తానన్నాడు కదా అని ఇంటికెళ్ళి పట్టుచీర కట్టుకుని వచ్చింది. మర్నాడు అతని బండి కనిపించగానే అడ్డం వచ్చింది.

"ఏవండీ నగేష్ గారూ! టీ గిన్నె వచ్చింది, చీర అంచు వచ్చింది. నేనేనండీ రాలేదు!"

"గిన్నె మంచిగొచ్చిందా లేదా అక్కా?"

"గిన్నెకేవండీ, బ్రహ్మాండంగా ఉంది."

"మరింకేంది?" అని టీ తాగి వెళ్ళిపోయాడు. మరింకేంటో సరోజనకు ఇప్పటికీ తేలలేదు.

ఇదంతా ఒక ఎత్తు, నాలుగింటి తర్వాత జరిగేది ఒక ఎత్తు. ఫొటో పెట్టిన పది నిమిషాలకు నగేష్ ఫోను టింగుమంటుంది. వెంటనే స్టూడియో వెనక్కి పోయి, ఫోను చెవికి గట్టిగా ఆనించుకుని ఏదో వింటాడు. తిరిగి వచ్చేటప్పుడు చెవులు ఎర్రగా, ముఖం పెళ్ళికొడుకు ముఖంలా ఉంటుంది.

"ఎవరు బావా?"

"ఎడిటర్."

"ఏ ఎడిటర్?"

"పెద్ద ఎడిటర్. జర కోపమెక్కువ. ఫొటోల తప్పులు చెప్తది."

"చెప్తదా? అంటే ఆడమనిషా?"

"ఎడిటర్లకు ఆడేంది, మగేంది?"

ఒకసారి అతను స్నానానికి పోయినప్పుడు యశోద ఫోను చూసింది. నిజంగానే 'ఎడిటర్' అని ఉంది. తెలియని నంబరు. డీపీలో ఒక గొర్రె. గొర్రెను డీపీ పెట్టుకున్న ఆడదాన్ని అనుమానించడానికి ఆమెకు మనసొప్పలేదు. ఫోను అక్కడే పెట్టేసింది.

ఆమె ఆలోచనలు ఆమెకున్నాయి. కోదాడ దగ్గర అనంతగిరిలో తమ్ముడు రాజ్‌కుమార్ దగ్గరుండే తల్లి పద్మమ్మ రెండేళ్ళ కిందట జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. బతుకంతా గొర్రెల వెంట నడిచిన మనిషి. వంద గొర్రెల మందలో ఒక్కటి తక్కువైతే, వేలు పెట్టి లెక్కించకుండా కంటితోనే చెప్పేది. దవాఖానలో ఆపరేషన్ బాగానే చేశారు గానీ, మంచం ఎక్కినాక గోడవైపు తిరిగి పడుకుని నలభై రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ తర్వాత ఏమైందో ఏమో, తనంతట తనే లేచి కూర్చుంది. ఇప్పుడు వాకర్ పట్టుకుని రోజూ గేటు దాకా నడుస్తోందని రాజ్‌కుమార్ చెప్తే, అంతా దేవుడి దయ అని యశోద దణ్ణం పెట్టుకుంది.

ఇలా ఉండగా మిర్యాలగూడ నుంచి ఒక కారు వచ్చి స్టూడియో ముందు ఆగింది. అందులోంచి కృష్ణకుమారి దిగింది. రైసుమిల్లు నాగేశ్వర్ రావు సేటు భార్య. ఒక్కతే కూతురు శిల్ప, కోదాడ సంబంధం. యశోద పన్నెండేళ్ళుగా ఎదురుచూస్తున్న పెళ్ళి ఇది. ఈ ఒక్క ఆల్బం సేటు ఇంట్లో టేబుల్ మీద పడితే, వచ్చేపోయే మిల్లుల వాళ్ళంతా తిరగేస్తారు. హైదరాబాదు వాళ్ళను పిలవడం మానేసి సూర్యాపేట వస్తారు.

కృష్ణకుమారి కూర్చోకుండానే మొదలుపెట్టింది. "మీ ఆయన రోజు ఒకరి తలకాయ తీసేస్తడంట గద? రేపు మా శిల్పకు తల లేకపోతే తలంబ్రాలు ఎక్కడ పోస్తరు?"

"పెండ్లిల గట్ల తియ్యడు వదినా, ఒట్టు."

"ఏమో, నాకు భయమైతుంది. పెండ్లయ్యేదాక గా పిచ్చి ఫొటో బంద్ పెట్టమను. లేకపోతే హైదరాబాదోళ్ళకు చెప్తం."

యశోద సరేనంది. సాయంత్రం ఆ మాటే నగేష్‌కు చెప్పింది. పెళ్ళైనప్పటి నుంచి ఆమె మాట కాదనని మనిషి, మొట్టమొదటిసారి తల అడ్డంగా ఊపాడు.

"స్టేటస్ బంద్ చేస్త. ఫొటో బంద్ చెయ్య."

"స్టేటస్ లేకపోతే ఇంక ఫొటో ఎవరికి?"

"ఎడిటర్‌కు."

"నీకు నేను కావాల్నా, ఎడిటర్ కావాల్నా?"

నగేష్ బాగా ఆలోచించాడు. "ఇద్దరు కావాలె" అన్నాడు.

స్టేటస్ ఆగిపోవడంతో మూడూళ్ళ జనం, నగేష్‌కు తల దొరికిందని, ఇక పిచ్చి కుదిరిందని అనుకున్నారు. అతను మాత్రం రోజూ ఏదో ఒక సందులో ఎవరినో నిలబెడుతూనే ఉన్నాడు. నాలుగుంపావుకు చెవులు ఎర్రబడుతూనే ఉన్నాయి.

పెళ్ళి ఆరువందల పదకొండో నాడు వచ్చింది. మిర్యాలగూడ ఫంక్షన్ హాల్లో ఎనిమిది వందల మంది. నగేష్ పూనకం వచ్చినట్టు పనిచేశాడు. అన్నీ బాగున్నాయి, ఒక్క పెళ్ళికూతురు తప్ప. పొద్దున్నుంచి ఎంత బతిమాలినా శిల్ప పెదవి విప్పలేదు. కెమెరా చూస్తేనే బిగుసుకుపోతోంది. "నవ్వమ్మా" అంటే ఇంకా బిగుసుకుపోతోంది. తలంబ్రాలప్పుడు కూడా పరీక్ష రాస్తున్నదానిలా కూర్చుంది. పెళ్ళికొడుకు కార్తీక్ ఆమెను చూసి తనేం తప్పు చేశాడోనని తనూ బిగుసుకుపోయాడు.

భోజనాల వేళకు ఎల్ఈడీ తెర మీద ప్రీవెడ్డింగ్ వీడియో వేయాలి. అది యశోద పని. నెల రోజులు కష్టపడి తయారుచేసింది. సంచిలో చెయ్యి పెట్టి, '611' అని రాసి ఉన్న పెన్‌డ్రైవు తీసి ఆపరేటర్‌కు ఇచ్చింది. అదే సంచిలో '611' అని రాసి ఉన్న పెన్‌డ్రైవు ఇంకొకటి ఉందని ఆమెకు తెలియదు. ఒకటి ఆరువందల పదకొండో నాటి పెళ్ళిది. రెండోది అప్పటిదాకా తీసిన తలల్లేని ఫొటోలన్నీ ఆరువందల పదకొండో నాటి పొద్దున ఎక్కించి పెట్టుకున్నది. ఏదేమిటో రాయాల్సిన మహానుభావుడు నంబరు మాత్రమే రాసి చేతులు దులుపుకున్నాడు.

సన్నాయి ఆగింది. పదిహేనడుగుల తెర మీద శిల్ప, కార్తీక్ రావాల్సిన చోట తల లేని గొర్రె వచ్చింది.

దాంతోపాటు స్పీకర్లలోంచి ఒక ముసలి గొంతు హాలంతా దద్దరిల్లేలా మోగింది. నగేష్ ప్రతి ఫొటో పక్కనా ఎడిటర్ పంపిన వాయిస్ మెసేజ్ కూడా దాచుకున్నాడు మరి.

"ఓరి సన్నాసీ! గొర్రెకు తల ఏదిరా? తల లేని గొర్రె గడ్డెట్ల తింటదిరా?"

ఎనిమిది వందల మంది ముద్ద నోటిదాకా తెచ్చి ఆపేశారు. తెర మీద ఒక తాత, నడుము దాకా.

"గీ ముసలాయన కాళ్ళేడ పెట్టొచ్చినవ్‌రా? పో, పోయి తెచ్చుకోపో!"

ఆ తర్వాత టైరు, మోచెయ్యి. మిల్లు వాళ్ళ బంతిలోంచి దుర్గయ్య విస్తరి వదిలి లేచి నిలబడ్డాడు. "గా మోచెయ్యి నాదే! నాదే గది!" అని అందరికీ మోచెయ్యి ఎత్తి చూపించాడు. అంతే, జనానికి ఊపొచ్చింది. ఆ మోకాలు మా బాబాయిది అని ఒకరు, ఆ చెప్పులు మా వదినవి అని ఒకరు. గులాబ్‌జామూన్ గిన్నె పట్టుకుని వడ్డించేవాళ్ళు కూడా తెర ముందు చేరారు. ఇంతలో తెర నిండా ఒక పొట్ట వచ్చింది.

"సేటుదే!" అని హాలు హాలంతా అరిచింది.

"గీ పొట్ట ఎవలిదిరా?" అని అడిగింది ముసలి గొంతు. "ఒక్క ఫొటోల పట్టకపోతే రెండు తియ్యకపోయినవా!"

నాగేశ్వర్ రావు సేటు తెరనూ, తన పొట్టనూ మార్చి మార్చి చూసుకున్నాడు. హాలు చప్పున చల్లబడింది. ముందు ఆయన పొట్ట కదిలింది, ఆ వెనక నవ్వు బయటికి వచ్చింది.

యశోద చెయ్యి పెన్‌డ్రైవు మీదే ఉంది. పీకేయాలి. పన్నెండేళ్ళ ఆశ అందరి కళ్ళముందూ మునిగిపోతోంది. కానీ చెయ్యి కదల్లేదు. ఆ గొంతు ఆమెకు పుట్టినప్పటి నుంచి తెలుసు. అది గోడవైపు తిరిగి పడుకుని నలభై రోజులు మాట్లాడని గొంతు. అది వాళ్ళమ్మ గొంతు.

"నగేష్! ఇట్రా!" అంటూ కృష్ణకుమారి కొంగు బిగించి వచ్చింది. వచ్చి, సగంలో ఆగిపోయింది. మండపంలో శిల్ప పడీపడీ నవ్వుతోంది. జడలోని తలంబ్రాలు జలజలా రాలుతున్నాయి. కార్తీక్ కళ్ళు తుడుచుకుంటూ ఆమె భుజం మీద వాలిపోయాడు. నగేష్ తిట్లు తినడానికి రావలసినవాడు, అలవాటు కొద్దీ మోకాళ్ళ మీద కూర్చుని వరసగా ఫొటోలు తీస్తున్నాడు. కృష్ణకుమారి కోపం సగానికి సగం అక్కడే దిగిపోయింది.

"గా ముసలమ్మ ఎవరయ్యా?" అంది మిగిలిన సగంతో.

"మా అత్తమ్మ" అన్నాడు నగేష్. యశోద వైపు చూసే ధైర్యం లేక కెమెరాతో మాట్లాడుతున్నట్టు చెప్పాడు. "నలభై దినాలు నోరిప్పలె. ఒకనాడు పోయి ఆమె గొర్రెను ఫోన్ల ఫొటో తీసి సూపెట్టిన. తొందరల తల రాలె. గోడ దిక్కుకెల్లి ఇటు తిరిగి, 'తల ఏదిరా సన్నాసీ' అన్నది. తెల్లారి మంచిగ తీసుకపోయిన. 'బాగున్నది' అని మల్ల గోడ దిక్కు తిరిగింది. ఇగ మూడో దినం కాళ్ళు కోసిన. లేసి కూసోని తిట్టింది."

"మరి గేటు దాక నడుసుడు?" అంది యశోద.

"ఇంట్ల సిగ్నల్ సరిగ లేదు గదే, ఫొటో ఎట్లనో వస్తది. తిట్టు పోవాలంటే గేటు దాక రావాలె. కొత్త సిమ్ము నేనే ఇచ్చిన. రాజ్‌కుమార్‌కు ఎర్కే. నీకు చెప్తే నువ్వు అమ్మకు చెప్తవని చెప్పలె. కావాలని తీస్తున్నట్టు తెలిస్తే తిట్టుడు బంద్ చేస్తది. నువ్వు సుత చెప్పకు."

యశోదకు ఏడుపు వచ్చింది, అది పూర్తిగా రాకముందే నవ్వు వచ్చింది. రెండిటికీ చోటు చాలక అతని వీపు మీద ఒక్కటి చరిచింది. ఈ మనిషి మీద ఇంత ప్రేమ తనకు పెళ్ళిపీటల మీద కూడా కలగలేదు.

"ఇయ్యాల్టిది తీసినవా?" అని అడిగింది కృష్ణకుమారి.

"ఇంక లేదు."

"అయితే మా అందరిది తియ్యి. యశోదా, నువ్వు సుత వచ్చి నిలబడు. కానీ అందరి తలలు రావాలె. నా బిడ్డ పెండ్లిల ఒక్క తల తక్కువైనా ఊకునేది లేదు."

నగేష్ ఎంత గింజుకున్నా లాభం లేకపోయింది. ఆమె కెమెరా తెర చూసి ఒక్కొక్క తలా లెక్కపెట్టి, పాస్ చేశాకే కదలనిచ్చింది. గత్యంతరం లేక, నాలుగింటికి ఆ ఫొటోనే ఎడిటర్‌కు పంపాడు. నాలుగుంపావు అయింది. అయిదయింది. ఫోను టింగుమనలేదు. ఇన్నాళ్ళలో తిట్టు రాకపోవడం అదే మొదటిసారి.

"మల్ల గోడ దిక్కు తిరిగిందేమోనే" అన్నాడు నగేష్. ఆ గొంతులో హాస్యం లేదు.

మర్నాడు పొద్దున్నే యశోద కోదాడ బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలో అనంతగిరి చేరింది. పద్మమ్మ గోడవైపు తిరగలేదు. మంచం మీద కూర్చుని, ఫోను ముక్కుకు ఆనించుకుని చూస్తోంది. కూతురిని చూడగానే దిండు గలీబులోకి దోపబోయింది.

"దాయకమ్మా. నీ గొంతు మిర్యాలగూడ మొత్తం విన్నది."

"ఔనా?" అంది పద్మమ్మ. "మంచిగ వినబడ్డదా?"

"మంచిగనే వినబడ్డది. నిన్న తిట్టలేదని బావ పరేషానైతున్నడు."

"ఏమని తిట్టాలె బిడ్డా? నిన్నటి సంది సూస్తున్న. తలలున్నయి, కాళ్ళున్నయి, ఒక్కలు కండ్లు మూయలె. వానికేమన్న పానం బాగలేదా?"

"నువ్వు గిన్ని దినాలు నాకెందుకు చెప్పలేదమ్మా?"

"అల్లుని బిడ్డ ముంగట తక్కువ చేస్తరా ఎవలన్న? అయినా వాడు కావాల్ననే చెడగొడ్తున్నడు. రాజ్‌కుమార్ పెండ్లి ఫొటోలు తీసినోనికి గొర్రె తల దొరకదా? నాకు మూడో దినమే సమజైంది."

యశోద నోరు తెరిచింది. "మరి ఎందుకు తిడ్తున్నవ్?"

"పాపం, దినాం గంత తక్లీఫ్ పడి చెడగొడ్తున్నడు. తిట్టకపోతే పోరడు చిన్నబుచ్చుకోడా? నువ్వు చెప్పకు వానికి." పద్మమ్మ ఫోను కూతురి చేతిలో పెట్టింది. "జర నువ్వన్న సూడు. తప్పేడున్నదో."

ఇద్దరి రహస్యాలూ నెత్తిన పెట్టుకుని యశోద ఫొటో చూసింది. సేటు, ఆయన పొట్ట, కృష్ణకుమారి, నవ్వు ఆపుకోలేని శిల్ప, కార్తీక్, మోచెయ్యి ముందుకు పెట్టిన దుర్గయ్య, చివర తను. చాలాసేపు చూసింది.

"అమ్మా, గిండ్ల అందరున్నరు. బావ ఏడి?"

పద్మమ్మ ఫోను లాక్కుంది. గొర్రెల్ని చూసినట్టు ఫొటోను ఈ కొస నుంచి ఆ కొసకు ఒక్కసారి చూసింది. ముఖం వెలిగిపోయింది. వాకర్ అందుకుని, టకటకమని గేటు దాకా నడిచి, ఫోనును నోటి దగ్గర పెట్టుకుంది.

"ఓరి సన్నాసీ! ఆరువందల పదకొండు ఫొటోలు తీసినవ్. ఒక్కదాంట్లనన్న నీ తల ఉన్నదారా? అందరు కనబడ్తరు, నువ్వేడ సచ్చినవ్? ఇయ్యాల నీ తల కనబడాలె. కనబడకపోతే గీ గేటు దాటొచ్చి మరీ తంత!"

సరిగ్గా నాలుగు గంటలకు ఆరువందల పన్నెండోది వచ్చింది. తల్లీకూతుళ్ళిద్దరూ తలలు ఆనించి చూశారు. అందులో నగేష్ ఉన్నాడు. చొక్కా మూడో గుండీ నుంచి చెప్పుల దాకా.

పద్మమ్మ కొంగు నడుముకు చెక్కి, వాకర్ తీసుకుని గేటు వైపు నడిచింది.